పన్నెండో తేదీ దాటితే

"పైన మూడు చుక్కలున్నాయి చూడండి, అవి నొక్కండి. కింద 'అబౌట్' అని ఉంటుంది. అక్కడున్న నంబరు చదవండమ్మా."

చెవికీ భుజానికీ మధ్య ఫోను, చేతిలో అట్లకాడ. అవతల కంకిపాడు నుంచి తెరేసమ్మ. కూతురు బ్లెస్సీకి మా కాలేజీలో నర్సింగు సీటు కోసం దరఖాస్తు పెడుతుంటే, పుట్టిన తేదీ తప్పంటూ వెబ్‌సైట్ తిప్పికొడుతోంది. గడువు ఇంకా రెండు రోజులే.

"పొద్దున్నే ఈ కాల్ సెంటరేంటి? దోసె మాడుతోంది" అన్నారు మా ఆయన గోపాలకృష్ణ, పేపర్లోంచి తలెత్తకుండా. మాడు వాసన తెలిసిన మనిషికి స్టవ్ కట్టెయ్యడం రాదు. ఇరవై రెండేళ్లుగా రాదు.

ఇలా తేదీ దగ్గర ఆగిపోయినవాళ్లకి పదకొండు రోజుల్లో నేను చేసిన అరవై మూడో ఫోను అది. ఇబ్రహీంపట్నంలో కాలేజీ వెబ్‌సైట్ చూసుకునే ఉద్యోగానికి వెళ్లే ముందూ, వచ్చాకా, భవానీపురం ఇంట్లో కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ చేసినవే అన్నీ. ఎవరి బ్రౌజర్ ఏ వెర్షనో, ఎవరిది ఏ పుట్టినరోజో పాత నోటుపుస్తకంలో రాసుకున్నాను. తెరేసమ్మ నంబరు చదవగానే లెక్క తెగింది. పాత వెర్షన్లలో క్యాలెండర్ తెరుచుకోదు. పిల్లలు తేదీ చేత్తో కొడతారు, మనందరిలాగే రోజు ముందు, నెల తర్వాత. మా వెబ్‌సైటేమో మొదటి సంఖ్యను నెల అనుకుంటుంది. పన్నెండో తేదీ దాటి పుట్టినవాళ్లకి అలాంటి నెలే లేదని తిప్పికొడుతుంది. ఆలోపు పుట్టినవాళ్లది మరీ ఘోరం, చప్పుడు చెయ్యకుండా ఇంకో తేదీ ఎక్కించుకుంటుంది. ఆ రోజే రోజుకీ నెలకీ సంవత్సరానికీ వేరువేరు గళ్లు పెట్టాను. బ్లెస్సీ దరఖాస్తు వెళ్లింది.

"తేదీయేగా అమ్మా, వాళ్లకే కొట్టడం రాదు" అని మొదట్లో నవ్విన మా హెడ్డు దత్తాత్రేయ గారు, ఛైర్మన్‌కి పంపిన మెయిల్లో 'నేనే కనిపెట్టి సరిచేశాను' అని రాసుకున్నారు. శుక్రవారం ఆయనకి సన్మానం.

"శాలువా ట్రే మీరు పట్టుకోండి శ్రీలలిత గారూ. పట్టుచీర కట్టుకు రండి, ఫోటోలో నిండుగా ఉంటుంది" అని ఆఫీసులో నాకు పురమాయించారు.

మా దగ్గర ఎవరికి సన్మానమైనా ట్రే పట్టేది ఆడవాళ్లే. పదహారేళ్లలో ఎన్ని శాలువాలు మోశానో.

ఇంట్లో చెబితే, "పోన్లే, ఆయన హెడ్డు కదా. అయినా నీకు స్టేజీ మీద మాట్లాడ్డం వచ్చేంటి?" అన్నారు మా ఆయన. ఒళ్లు మండిపోయింది. అరవై మూడు మందితో మాట్లాడిందెవరు? గ్యాసువాడితో, కరెంటాఫీసుతో, వాళ్లమ్మ డాక్టరుతో ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నదెవరు? కుక్కరు దించుతూ ఇవన్నీ లోపల్లోపలే అడిగాను. అలా లోపలే అడిగినందుకు నా మీద నాకు ఇంకా కోపం వచ్చింది.

శుక్రవారం పట్టుచీర కట్టలేదు, రోజూ కట్టే నూలుచీరే. ట్రే పట్టుకుని స్టేజీ మీద నిలబడ్డాను. శాలువా అందుకోబోతూ ఛైర్మన్ ఆగి, "ఇంతకీ ఆ తప్పెలా దొరికిందో అందరికీ చెప్పవయ్యా దత్తాత్రేయా" అన్నారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. నా వైపు వంగి, "ఏ తేదీల వాళ్లకమ్మా వచ్చింది?" అన్నారు మెల్లగా.

ఎప్పటిలాగే జవాబు నోటిదాకా వచ్చేసింది. మింగేశాను. ట్రే తీసుకెళ్లి ఆయన రెండు చేతుల్లో పెట్టాను.

"కాసేపు పట్టుకోండి సార్" అని మైకు దగ్గరికి నడిచాను.