ముప్పై ఏడో చుట్టు

ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి. కుడిచేత్తో యంత్రం పిడి తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల సందులోంచి రాగితీగను చెక్క అచ్చు మీదికి వదులుతున్నాడు మేస్త్రి. అప్పుడే గూట్లో ఫోను మోగింది. అతను అటు చూడలేదు. ఎడమచెయ్యి పైకెత్తి, అరచెయ్యి ఫోనుకేసి చూపించాడు. ఆగు అని.

ఫోనుకేం తెలుసు పాపం, మోగినంతసేపు మోగి ఊరుకుంది. ముప్పై రెండు, ముప్పై మూడు.

కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం అతని పని. ముప్పై నాలుగేళ్లుగా ఇదే రేకుల గది, ఇదే ముక్కాలిపీట. వార్నిషు చుక్కలు పడిపడి నేల నల్లబడింది. పిడి తిప్పీ తిప్పీ కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. చూపుడువేలి మీద తీగ కోసిన గాడి ఒకటి ఉంది. ఒక్కో చుట్టకు యాభై ఆరు చుట్లు పడాలి. రెండు తగ్గితే మోటారు వేడెక్కుతుంది, పది రోజుల్లో మళ్లీ కాలుతుంది. అందుకని చుట్టేటప్పుడు ఎవరు పలకరించినా మాట్లాడడు, చెయ్యెత్తుతాడు. ఊళ్లో అందరూ అతన్ని ఆగు మేస్త్రి అంటారు. కొత్తవాళ్లు నోట్లో నాలుక లేని మనిషనుకుంటారు. నాలుక లేకేం, ఉంది. అది లెక్కపెట్టే పనిలో ఉంది, అంతే.

ఊరంటే మూడు వీధులు, ఒక బస్టాండు. ఆ ఊరికి ఊరి కోసం వచ్చేవాళ్లు లేరు. ఏదో ఒకటి పాడైతే వస్తారు. ట్రాక్టరు టైరు పగిలితే, పన్ను పుచ్చితే, గేదె మేత ముట్టకపోతే, బోరు మోటారు కాలిపోతే వస్తారు. బాగుచేయించుకుని, ముఖాన దుమ్ము తుడుచుకుని, తర్వాతి బస్సెక్కి వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో మేస్త్రి దగ్గరికి వేలమంది వచ్చి ఉంటారు. మాట్లాడినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ రోజు వచ్చినవాడు మిరపతోట రైతు. పొద్దున్నే మోటారు దింపి, గది ముందు రేకు నీడలో పాత టైరు మీద చతికిలబడ్డాడు.

"నాలుగు రోజులైంది తోటకి నీళ్లు లేక. ఇవాళ తడి పెట్టకపోతే పూత మొత్తం రాలిపోతుంది మేస్త్రీ."

"నాలుగింటికి ఇస్తా."

అంతే మాటలు. రైతుకు అతని సంగతి తెలుసు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

పదకొండింటికి ఆ చుట్ట దింపి, ఎదురుగా టీ కొట్టు ఆవిడ తెచ్చిచ్చిన గ్లాసు పట్టుకుని ఫోను తీశాడు. అటువైపు అక్క. రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది.

"ఏరా, మళ్లీ చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

"నీ చెయ్యి ఫోన్లో కనపడదురా పిచ్చి సన్నాసీ!"

మేస్త్రి నవ్వాడు. అతను నవ్వగా చూసి చాలాకాలమైన టీ కొట్టు ఆవిడ, గ్లాసు కోసం చాచిన చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది.

"మీ బావ పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నాన్రా. నీకంటే అవే నయం, కనీసం అడ్డంగా చెయ్యెత్తవు. ముందుగది ఊడ్పించాను. మంచం వేయించాను. వస్తావా, రావా? ఒక్క మాట చెప్పు."

"చెప్తాలే అక్కా."

"ఏడాదిగా ఇదే మాట. మూడింటికి మళ్లీ చేస్తాను. అప్పుడు కూడా చెయ్యెత్తావనుకో, ఈ జన్మలో ఇంక నిన్ను రమ్మని అడగను. నా మీద ఒట్టు."

ఫోను పెట్టేసింది. అక్క ఒట్టు పెట్టుకుందంటే ఆరునూరైనా తప్పదు. చిన్నప్పుడు తన రిబ్బను పోగొట్టాడని ఒట్టు పెట్టుకుని నెల్లాళ్లు అతనితో మాట్లాడలేదు. ఆ నెల అతనికి ఇప్పటికీ గుర్తే.

ఎడమభుజం లాగుతోంది. పొద్దున మోటారు డొల్ల ఒక్కడే ఎత్తి బల్ల మీద పెట్టాడు, అందువల్లే అనుకున్నాడు. భుజం రుద్దుకుంటూ యంత్రం దగ్గరికొచ్చి, పక్క గోడ మేకుకు వేలాడుతున్న పలకను గుడ్డతో తుడిచాడు. రోజూ తుడుస్తాడు. దాని మీద ఇంతవరకూ ఒక్క గీత కూడా పడలేదు.

అది భార్య కొన్న పలక. పెళ్లయిన రెండో ఏడు తెచ్చి మేకుకు తగిలించింది. సుద్దముక్కకు దారం కట్టి మరీ వేలాడదీసింది.

"ఎక్కడి దాకా వచ్చారో అంకె దీని మీద రాసుకోండి. రాసుకుని నాతో మాట్లాడండి. అంకె ఎక్కడికీ పారిపోదు. నేనే పారిపోతాను" అని నవ్వింది.

అతనికి ఆ పద్ధతి నచ్చలేదు. లెక్క నాలుక మీద ఉండాలి, పలక మీద కాదు. ఒకసారి, కొత్తలో, ఎవరో ఏదో అడిగితే జవాబిచ్చి లెక్క తప్పాడు. ఆ మోటారు వారానికే కాలిపోయింది. దాని కింద ఉన్న రెండెకరాలూ ఎండిపోయాయి. ఆ పొలం మనిషి తిట్టనైనా తిట్టలేదు, కాలిన మోటారు గడప ముందు పెట్టి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఎత్తిన చెయ్యి మరి దించలేదు.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె క్యారియరు తెచ్చి, "ఏమండీ" అంది. చెయ్యెత్తాడు. ఆమె కాసేపు నిలబడింది. యాభై ఆరూ పూర్తయి తిరిగి చూస్తే క్యారియరు ఉంది, ఆమె లేదు. సాయంత్రం ఇంటికెళ్లి ఏమిటని అడిగాడు. "ఏమో, మరిచిపోయాను" అంది. మూడు వారాలకే ఆమె పోయింది. కడుపులో నొప్పి చాన్నాళ్లుగా ఉందట, డాక్టరు చెప్పాడు. ఆ "ఏమండీ" తర్వాత రావలసిన మాట ఏమిటో మేస్త్రికి ఎప్పటికీ తెలియదు. కొన్ని రోజులు పిడి తిప్పుతుంటే వెనక ఆమె నిలబడినట్టే ఉండేది. తిరిగి చూడాలంటే భయం వేసేది, తిరగకపోతే ఏడుపొచ్చేది.

అదే క్యారియరులో తెచ్చుకున్న అన్నం రెండు ముద్దలు తిన్నాడు. సయించలేదు. మూత పెట్టి, చల్లటి నీళ్లు తాగి, గోడకు చేరగిలబడ్డాడు. రేకు మీద ఎండ చిటపటలాడుతోంది. వీధిలో కుక్క కూడా లేదు. ఇంటికెళితే తాళం, తాళం తీస్తే మంచం, పొద్దున లేస్తే మళ్లీ తాళం. ఇంకెన్నాళ్లు? ఎవరి కోసం? ఐదింటి బస్సుకి వెళ్లిపోతే ఎవరు అడ్డొస్తారు? ఈ మోటారు ఇచ్చేసి తాళం వేసేస్తే సరి.

"వస్తానక్కా" అన్నాడు పైకే. ఎలా ఉంటుందో విందామని అన్నాడు. మాట బాగానే ఉంది.

బయటి నుంచి రైతు తొంగిచూశాడు. "ఏమన్నావు మేస్త్రీ?"

"ఏం లేదులే. ఇంకొక్క చుట్టే. అయిపోతుంది."

ఆ చివరి చుట్ట మొదలుపెట్టేసరికి మూడు కావస్తోంది. టీ కొట్టు ఆవిడ గ్లాసు తెచ్చి, అలవాటుగా అడుగుల చప్పుడు కాకుండా బల్ల అంచున పెట్టి వెళ్లింది. అతను ఫోను గూట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇరవై, ఇరవై ఒకటి. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. చెమట కళ్లలో పడుతోంది. ముప్పై. ముప్పై ఐదు. ముప్పై ఆరు.

ముప్పై ఏడు దగ్గర ఫోను మోగింది.

బయట టైరు మీదున్న రైతుకు ఫోను వినిపించింది, పిడి చప్పుడు ఆగడమూ వినిపించింది. తలతిప్పి చూశాడు. వాకిట్లోంచి మేస్త్రి వీపు కనిపిస్తోంది. యంత్రం మీదికి కాస్త వంగి, గోడకు భుజం ఆనించి కూర్చున్నాడు. ఫోను మోగి మోగి ఊరుకుంది. లెక్క గట్టిపరుచుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు రైతు. కదిలిస్తే లెక్క పోతుంది. లెక్క పోతే మోటారు పోతుంది, దాంతో తోటా పోతుంది. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

ఫోను మళ్లీ మోగింది. మళ్లీ ఊరుకుంది.

అరగంట గడిచింది. టీ కొట్టు ఆవిడ ఖాళీ గ్లాసు కోసం వీధి దాటి వచ్చింది. గడప దగ్గర ఆమె నోరు తెరవబోతే, రైతు గబుక్కున చెయ్యెత్తాడు. అచ్చం మేస్త్రి లాగే, అరచెయ్యి ముందుకు చాపి.

"లెక్కలో ఉన్నాడు" అన్నాడు గుసగుసగా.

ఆమె తల ఊపి, మునివేళ్ల మీద లోపలికెళ్లింది. గ్లాసు నిండా టీ అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. ఇరవై ఏళ్లలో అతను టీ చల్లారనివ్వలేదు. ఆమె గ్లాసు వదిలేసి అతని ముఖంలోకి చూసింది. భుజం మీద చెయ్యి వేసింది.

"అన్నా" అంది. ఆ గదిలో పని నడుస్తుండగా ఆమె పైకి మాట్లాడటం అదే మొదలు.

అప్పుడే అతని ఒళ్లో ఫోను మోగింది. ఎడమచెయ్యి దాని మీదే ఉంది, వేళ్లకు తెల్లగా పొడి అంటుకుని ఉంది. ఆమె ఆ చేతి కిందినుంచి ఫోను మెల్లగా లాగి తీసింది.

"ఏరా," అంది అటునుంచి గొంతు, కోపంగా, అప్పటికే ఏడుస్తూ, "మళ్లీ చెయ్యెత్తావు కదూ?"

టీ కొట్టు ఆవిడ గోడకేసి చూసింది.

"లేదమ్మా," అంది. "ఈసారి ఎత్తలేదు."

అక్క ఆ రాత్రే వచ్చింది, అతను వెళ్లాలనుకున్న బస్సు తిరుగుప్రయాణంలో. మర్నాడు పక్కవీధి మేస్త్రి వచ్చి అదే పీట మీద కూర్చుని, గోడవైపు ఒకసారి చూసి, ముప్పై ఎనిమిది నుంచి మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి మిరపతోటకు నీళ్లు పారాయి.

తర్వాత యంత్రాన్ని ఎవరో తీసుకెళ్లారు, మిగిలిన తీగ ఇంకెవరో తీసుకెళ్లారు. మేకుకు పలక అలాగే ఉంది, దారానికి కొస కాస్త అరిగిన సుద్దముక్కతో. దాని మీద వంకరగా, కొంచెం కిందికి జారుతూ, ముప్పై ఏడు అని ఉంది.