వదిన తొట్టిలో జిగురు

మా ఆఫీసులో నా వెనక నన్ను ఫినాయిల్ అంటారు. మొహం మీద అనే ధైర్యం ఒక్క చేపల డాక్టరుకే ఉంది, ఆయన కూడా నేను మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చూసి అంటారు. నేనేమీ అనుకోను. మా అక్వేరియంలో పగడాల గది నా చేతికింద ఉంది. అందులోకి వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ చేతులు నాకు చూపించి మరీ లోపలికి రావాలి. డైరెక్టరుగారైనా సరే. ఒకసారి ఆయన ఉంగరం తీయకుండా తొట్టిలో వేలు పెట్టబోతే నేను పెట్టిన కేకకి టికెట్ల కౌంటరు దగ్గర పిల్లలు జడుసుకుని ఏడ్చారని చెప్పుకుంటారు. అది అబద్ధం. ఏడ్చింది ఒక్క పిల్లాడే.

ఆ గదిలో మూలనున్న తొట్టిలో మా అన్నయ్య పగడం ఉంటుంది. అన్నయ్య ఓడల అడుగుభాగాలు పరీక్షించే డైవరు. రేవులోకి కొత్త ఓడదారి తవ్వుతామని, దానికి అడ్డంగా ఉన్న పగడపు దిబ్బను తీసేస్తామని చెప్పినప్పుడు, అనుమతి తీసుకుని అక్కణ్ణుంచి ఒక ముక్క పైకి తెచ్చాడు. చిన్న గిన్నె బోర్లించినంత ఉంటుంది. గోధుమ రంగు. ఫొటోలు తీసుకునేవాళ్ళు దాని ముందు ఆగను కూడా ఆగరు. అన్నయ్య దాన్ని ఉలితో రెండు చేసి, ఒక సగం నాకిచ్చి, ఇంకో సగం ఇంట్లో పెట్టుకున్నాడు. పగడాలు పెంచేవాళ్ళందరూ చేసే పనే. ఒకచోట కరెంటు పోయో, మోటారు కాలిపోయో చచ్చిపోయినా ఇంకోచోట మిగులుతుందని.

తర్వాత ఆ దిబ్బ పోయింది. ఆ తర్వాత అన్నయ్యా పోయాడు. బతుకంతా నీళ్ళ అడుగున తిరిగిన మనిషి, సరుకుల సంచీతో ఇంటి మెట్లెక్కుతూ గుండె ఆగి పోయాడు. సముద్రం మీద చూపించాల్సిన కోపం నేను చాలాకాలం ఆ మెట్ల మీద చూపించాను. చెప్పులు టపటప కొడుతూ ఎక్కేదాన్ని.

ఆ మెట్ల పైన, మూడో అంతస్తులో, వదిన ఉంటుంది. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునే మనిషి కాబట్టి ఆమె కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. ఎవరైనా భయపెట్టే విషయం చెప్తుంటే ఆమె కుడికాలు నేలను గట్టిగా తొక్కుతుంది.

ప్రతి ఆదివారం నేను వదిన ఇంటికి వెళ్ళేదాన్ని. తొట్టిలో ఉప్పు ఎంతుందో చూసి, ఆవిరైపోయినంత నీళ్ళు పోసి, లైటూ మోటారూ సరిచూసి వచ్చేదాన్ని. నా లెక్కలో అది తొట్టే కాదు. అద్దాల నిండా పాచి. రాళ్ళ సందుల్లో పురుగులు. ఇసక కాఫీపొడి రంగుకి తిరిగింది. అది చూస్తే నా చేతులు ఊరుకునేవి కావు, అయినా ఒక్క పాచి ముక్క గీకలేదు. అన్నయ్య పెట్టింది పెట్టినట్టే ఉండాలని వదిన కోరిక. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఇలాంటివి ఒకరు చెప్పాలా ఏమిటి అనుకున్నాను.

ఈ ఏడు ఎండలు ముదిరినప్పుడు నా దగ్గరున్న సగానికి జబ్బు చేసింది. అంచునుంచి చర్మం పొరలుగా ఊడిపోయి లోపలి తెల్లటి ఎముకగూడు బయటపడింది. చేపల డాక్టరూ నేనూ దాన్ని విడిగా పెట్టి యాంటీబయాటిక్ కలిపిన నీళ్ళలో ముంచి తీశాం. మందు ఇవ్వకపోతే ఆ వారమే పోయేది, అందులో అనుమానం లేదు. ఊడటం ఆగింది. నేను ఊపిరి పీల్చుకుని, డాక్టరుగారికి నా డబ్బుతో కాఫీ ఇప్పించాను.

తొందరపడ్డాను. సాయంత్రమైతే పగడం ఒళ్ళంతా సన్నటి చేతివేళ్ళలాంటివి బయటికి వచ్చి తిండి కోసం ఆడతాయి. నా పగడం మీద ఒక్కటీ రాలేదు. రంగు నీరుకారిపోయింది. మళ్ళీ రెండుచోట్ల అంచు తెల్లబడటం మొదలైంది. మందు మళ్ళీ ఇస్తే తట్టుకునే స్థితిలో అది లేదు.

డాక్టరుగారు దాని మీది జిగురు కొంచెం తీసుకెళ్ళి పరీక్ష చేయించి, మొహం వేలాడేసుకుని వచ్చారు.

"మేడమ్, మీ పగడం మీద ఎవరూ లేరండీ."

"ఎవరూ లేకపోవడమేంటి?"

"ఉండాల్సిన బాక్టీరియా లేదు. మందుకి మనోళ్ళూ పరాయోళ్ళూ అని తేడా తెలీదుగా. అందర్నీ ఖాళీ చేయించేసింది. ఇప్పుడు తలుపులు తీసున్న ఇంట్లోకి ఎవడు పడితే వాడు దూరుతున్నాడు."

ఆయన నాకు కొత్తగా చెప్పిందేమీ లేదు. పగడం చూడటానికి రాయిలా ఉన్నా జంతువని, దాని ఒంట్లో ఉండే నాచు ఎండతో తిండి వండి పెడుతుందని, పైనుండే జిగురులో కోట్ల కొద్దీ బాక్టీరియా కాపురముంటుందని వచ్చే పోయే బడిపిల్లలకి చెప్పేది నేనే. ఆ బాక్టీరియా పగడం వదిలేసిన చెత్తను తిని, దానికి పనికొచ్చే సరుకుగా మార్చి ఇస్తుంది. రోగం తెచ్చేవాటికి అక్కడ చోటు లేకుండా చేస్తుంది. పగడం దానికి ఉండటానికి ఇల్లూ తినటానికి జిగురూ ఇస్తుంది. ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళు లేరు. ఇంత చెప్పి చివర్లో పిల్లలతో చప్పట్లు కూడా కొట్టిస్తాను.

గదిలో ఆరోగ్యంగా ఉన్న ఇంకో పగడం జిగురు తీసి దీని మీద పూశాం. నిలవలేదు. ఆ పగడం జాతి వేరు, దాని మీద ఉండేవాళ్ళు వేరు. పూసిన మర్నాటికల్లా కొట్టుకుపోయారు.

"ఇదే పగడం ముక్క ఇంకెక్కడైనా ఉంటే బావుండేది," అన్నారు డాక్టరుగారు.

నేను కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను. ఆయన నన్ను చాలా ఏళ్ళుగా ఎరుగుదురు.

"ఉందన్నమాట," అన్నారు.

"మా వదిన దగ్గరుంది. కానీ దాని జోలికి వెళ్ళను. జిగురు తీయాలంటే పగడాన్ని రుద్దాలి. రుద్దితే దానికీ ఏమైనా కావచ్చు. ఆ తొట్టి మీకు తెలీదు డాక్టర్ గారూ. అన్నయ్య పోయాక వదినకి మిగిలింది అదే."

"అడిగి చూడండి. ఏమంటారు?"

"ఏమీ అనదు. అదే నా భయం."

రెండు రోజులు భయపడ్డాను. మూడోరోజు తెల్లటి మచ్చ నా బొటనవేలంత అయింది. దిబ్బ పోయింది, అన్నయ్య పోయాడు, ఇప్పుడు ఇది కూడా నా చేతుల్లోనే పోతే నేనిక ఆ గదిలోకి అడుగుపెట్టలేననిపించింది. సిరంజీ, సీసా సంచీలో వేసుకుని బయల్దేరాను.

వదిన తలుపు తీసి, నన్నూ గోడ మీది క్యాలెండర్‌నీ మార్చి మార్చి చూసింది.

"ఇవాళ ఆదివారం కాదుగా!"

కూర్చోమన్నా కూర్చోకుండా, దారి పొడవునా బట్టీపట్టిన మాటలు మొదలుపెట్టాను. జబ్బు, మందు, బాక్టీరియా, నీకు కష్టంగా ఉంటే వద్దు, నేనేమీ అనుకోను, అన్నయ్య అయినా ఇదే చెప్పేవాడు. ఆమె కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. నేను చెప్తూనే ఉన్నాను.

"ఆగవే తల్లీ, ఆగు. దాని మీద చీమిడి కావాలి నీకు. అంతేనా?"

"చీమిడి కాదు. జిగురు."

"ఏదో ఒకటి. తీసుకో మరి. దీనికింత సోదా?"

నేను తొట్టి ముందుకెళ్ళి మూత తీశాను. చెయ్యి నీళ్ళలోకి దిగలేదు. ఇన్నేళ్ళలో పైనుంచి నీళ్ళు పోయడమే కానీ ఆ పగడాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు నేను. వదిన కాసేపు చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచి తన చెయ్యి దించబోయింది.

"చేతులు కడుక్కున్నావా?" కేకేశాను.

"లేదు. ఇందాకటిదాకా ఒకాయనకి రివర్సు నేర్పా. గేరు పట్టుకున్న చెయ్యి."

"వదినా!"

"సబ్బుతోనా?"

"సబ్బు ముట్టుకున్నావంటే చంపేస్తా. ఉత్త నీళ్ళతో."

ఆమె కడుక్కొచ్చింది. రాయి కదలకుండా ఆమె పట్టుకుంటే, నేను సిరంజి కొసతో పగడాన్ని మెల్లగా నిమిరాను. కాసేపటికి జిగురు దారాల్లా లేచింది, సిరంజిలోకి లాక్కున్నాను. నా గదిలో ఏ తొట్టికీ లేని సముద్రపు వాసన వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చినప్పుడు అన్నయ్య చొక్కాకి ఉండే వాసన అది. వదినకి కూడా తెలిసిందనుకుంటాను, రాయి మీది చెయ్యి వెంటనే తీయలేదు.

ఆ తర్వాత రోజు మార్చి రోజు వెళ్ళి జిగురు తెచ్చాను. మోటారు ఆపి, నీళ్ళు నిలవనిచ్చి, నా పగడం మీద వదిలేవాళ్ళం. మొదట ఏమీ కాలేదు. తర్వాత తెల్లమచ్చ పెరగడం ఆగింది. ఒక సాయంత్రం లైట్లు తగ్గించి వెళ్ళిపోబోతూ వెనక్కి తిరిగి చూస్తే, ఒక పక్కన మాత్రం, సన్నటి వేళ్ళు బయటికొచ్చి ఆడుతున్నాయి. నేను అక్కడే స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. డాక్టరుగారు గుమ్మం బయట నిలబడి, నా ఏడుపు అయ్యేదాకా చేతులు కడుక్కుంటూనే ఉన్నారు. ఆయన చేతులు అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

డైరెక్టరుగారికి విషయం తెలిసింది. అంత విలువైన తొట్టి మూడో అంతస్తు ఇంట్లో ఉండటమేమిటి, ఏదైనా అయితే ఎవరు దిక్కు, రాళ్ళూ ఇసకా పురుగులతో సహా ఇక్కడికి తెచ్చేద్దామన్నారు. పాచి కూడా గీకకుండా తేవాలని నా వంక చూసి మరీ చెప్పారు. సబబే, కాదనలేను. "మీ వదినగారిని మీరే ఒప్పించాలి," అన్నారు. జిగురు అడగడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు మొత్తం తొట్టినే అడగాలి.

ఆదివారం వెళ్ళాను. ఉప్పు చూశాను. నీళ్ళు పోశాను. మూత తుడిచిందే తుడిచాను.

"వదినా, ఈ తొట్టిని అక్వేరియంలో పెడితే బావుంటుందని మా డైరెక్టరుగారు..."

"తీసుకెళ్తారా?"

"నీకిష్టం లేకపోతే వద్దని చెప్పేస్తా. నా ఉద్యోగం పోయినా సరే."

"ఎప్పుడొస్తారు?"

నాకు అర్థం కాలేదు. ఆమె మొహంలో కనిపించింది ఏడుపు కాదు, తేలిక.

"రాత్రంతా ఆ మోటారు గుడగుడమంటుంటే కంటినిండా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో నాకు," అంది వదిన. "ఆ గోడకి సోఫా వేసుకుందామని ఎప్పట్నుంచో ఉంది. కాళ్ళు చాపుకుని పడుకుందామంటే చోటేదీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకున్నావు? ఇంత పాచి చూస్తూ చేతులు కట్టుకుని కూర్చున్నానే! నీకోసమే కదా! నోరు తెరిచి ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

 వదిన కుడికాలు నేల మీద గట్టిగా ఆనించింది.

"నువ్వు వచ్చేది దానికోసమేగా," అంది. "వస్తావు, ఉప్పు చూస్తావు, నీళ్ళు పోస్తావు, పోతావు. అది తీసేస్తే నువ్వు ఇంకెందుకొస్తావు?"

"నీకోసం వస్తున్నా వదినా! నిన్ను చూసిపోదామనే వస్తున్నా. తొట్టి ఒక వంక."

"అవునా? ఒక్కసారైనా కూర్చున్నావా?"

కూర్చోలేదు. ఆ ఇంట్లో నాకోసం ఒక కుర్చీ వేసి ఉండేది. తడి తువ్వాలు దాని మీద ఆరేసుకునేదాన్ని. ఆ రోజు కూడా తువ్వాలు దాని మీదే ఉంది. నాకు సిగ్గేసింది. లారీ పొద్దున్నే వస్తుందని చెప్పి వచ్చేశాను.

తొట్టి లారీలో వచ్చింది. పగడం మాత్రం బకెట్లో, డ్రైవింగ్ స్కూలు కారులో, నా ఒళ్ళో వచ్చింది. వదిన ఎంత మెల్లగా నడిపిందంటే వెనక బండ్లవాళ్ళంతా హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోయారు. ఒక్క చుక్క ఒలకలేదు. ఇప్పుడు నా గదిలో అన్నిటికన్నా మురికి తొట్టి అదే. దాన్ని ఎవరైనా శుభ్రం చేశారో నా నోటికి బలవుతారు. నా సగం కోలుకుని, రెండూ నిలదొక్కుకున్నాక ఒక చిన్న ముక్క తీసి డాక్టరుగారింటికి పంపాం. ఇంకోచోట కూడా ఉండాలి కదా.

తొట్టి తెచ్చేశాక వచ్చిన మొదటి ఆదివారం అలవాటుగా ఉప్పు చూసే మీటరూ, తువ్వాలూ సంచీలో వేసుకున్నాను. చెప్పులేసుకుంటుంటే గుర్తొచ్చింది, చూడటానికి అక్కడ తొట్టి లేదని. సంచీ లోపల పెట్టేసి చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాను. ఉత్త చేతులతో వెళ్ళి ఏం మాట్లాడాలి? తొట్టి వంక లేకుండా మేమిద్దరం ఒక గదిలో కూర్చున్నది అన్నయ్య చనిపోయిన వారంలోనే. అయినా వెళ్ళాను. మెట్లు చప్పుడు చేయకుండా ఎక్కాను.

వదిన తలుపు తీసింది. గోడకి తొట్టి ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది. సోఫా ఇంకా రాలేదు. ఆమె నా ఖాళీ చేతుల వంక చూసింది.

"ఏమైనా మర్చిపోయావా?"

"లేదు."

"మరి?"

"ఊరికే వచ్చా."

వదిన పక్కకి జరిగి దారి ఇచ్చింది. నేను అలవాటు కొద్దీ మోచేతుల దాకా కడుక్కుందామని కుళాయి వైపు నడిచాను.

"ఇప్పుడెందుకే అది?" అంది వెనకనుంచి, కుర్చీ నా వైపుకి జరుపుతూ. "కూర్చో."

చేతులు కడుక్కోకుండానే కూర్చున్నాను.