పొమ్మనే కాగితం

రెండో ఆవు పొదుగు దగ్గర కూర్చుని పాలు పిండుతూ, కోర్టుకు ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాడు జడ్జి అసాహెల్ థ్రాల్. ఉన్నవే రెండు. ఒకదానికి మోచేయి చిరిగింది. బల్ల వెనక కూర్చునేవాడి మోచేతులు ఎవడు చూస్తాడు గనుక!

వెర్మాంట్ కొండల్లో మా జిల్లా కోర్టుకు ముగ్గురు జడ్జీలు. నడిమి కుర్చీలో చట్టం చదివినాయన, చెరో పక్కన ఒక రైతు. పద్దెనిమిదేళ్ళుగా అసాహెల్‌ది ఎడమ కుర్చీ. నడిమాయన వంగి “ఏమంటారు?” అంటే తల ఊపడమే అతని పని. సత్రంలో తాగేవాళ్ళు అతనికి ‘ఎడమపక్క తలకాయ’ అని పేరు పెట్టారు.

గొడ్డలి పట్టి పట్టి అతని వేళ్ళు పూర్తిగా చాపుకోవు. ముప్పై అయిదు దాటేదాకా అక్షరం రాదు. తొమ్మిదేళ్ళ కూతురు కెజియా పొయ్యి ముందు బూడిద పరిచి, వేలు పట్టుకుని దిద్దించింది. సంతకం మాత్రం తీగ పాకినట్టు కుదిరింది. చదువు కుదరలేదు. ఒక్క వరుస కూడబలుక్కునేసరికి ఒక ఆవును పిండొచ్చు. ఆ సంగతి భార్యకూ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ కెజియాయే మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో పన్నెండు రోజుల కిందట వచ్చింది. మొగుడి ఊళ్ళో దిక్కులేనివాళ్ళను వేలం వేస్తారు. ఊరి సొమ్ము ఎవడు తక్కువ తీసుకుని మేపుతానంటే వాడికి అప్పగిస్తారు.

పొమ్మనలేక పొగబెట్టే అలవాటు మా ఊరికి లేదు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పొమ్మని కాగితమే ఇస్తుంది. రేపు వాడు అడుక్కుతింటే ఊరి పూచీ లేదని. నిజంగా తరిమేది తక్కువే. మధ్యాహ్నం సత్రంలో చిక్కుళ్ళ పులుసు తాగుతుండగా కానిస్టేబుల్ ఓబెద్ పెక్ ఆ కాగితాల కట్ట సంతకానికి తెచ్చాడు. ఎప్పటిలాగే అసాహెల్ ఎడం చేత్తో చెంచా, కుడి చేత్తో కలం పట్టాడు. పదిహేడు సంతకాలు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలో పెక్, వెనక ఇద్దరు పొరుగువాళ్ళు. కెజియా చేతిలో కాగితం.

“శభాష్ జడ్జిగారూ!” అన్నాడు పెక్, టోపీ తీసి. “పెళ్ళయినదానికి మొగుడి ఊరే ఊరు, చట్టం అంతే. అయినా సొంత కూతురి పేరు మీద ఎవడు పెడతాడండీ సంతకం? ఊరంతా మీ మాటే.”

అసాహెల్ చెవులు వేడెక్కాయి. ఊరంతా తన మాట చెప్పుకోవడం ఇదే మొదలు.

“ఏమయ్యా, నోరు తెరిచి చెప్పు,” అంది భార్య మెహిటబుల్ లోపలినుంచి.

కెజియా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “చదవలేదు కదా నాన్నా?”

“ఉండవే. కాగితం ఇచ్చినంత మాత్రాన ఎవడూ తరమడు.”

“అది నాకూ తెలుసు. చదవకుండా పెట్టానని ఒక్కమాట అను, ఉంటాను.”

పెక్ చూస్తున్నాడు. పొరుగువాళ్ళు చూస్తున్నారు. చదవకుండా సంతకాలు పెట్టే జడ్జి! పద్దెనిమిదేళ్ళ కట్టలన్నీ, ఆ కట్టల్లో కొండదాటిపోయిన మనుషులందరూ కళ్ళ ముందు కదిలారు.

“చదివే పెట్టాను,” అన్నాడు అసాహెల్.

కెజియా ఏడవలేదు. “అయితే సరే జడ్జిగారూ,” అంది.

పొద్దు వాలకముందే కిందికి పోయే సున్నం బండిలో పిల్లల్ని ఎక్కించింది. మెహిటబుల్ బండి వెంట వాగుదాకా నడిచింది. తిరిగొచ్చి, మొగుడి ముందు జావ గిన్నె పెట్టి, తనది తీసుకుని పశువుల కొట్టంలోకి పోయింది.

పొయ్యి పైన కట్టిన తాడు మీద చంటిదాని మేజోడు ఒకటి, మడమ దగ్గర ఎర్రదారం కుట్టుతో, ఇంకా ఆరకుండా వేలాడుతోంది.