అచ్యుతరామయ్య గారి లెమ్మా

మైనస్ గుర్తు కనిపించేసరికి సుధారాణి బస్సులో ఉంది. మల్కాపురంలో కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడి, మధ్యాహ్నం పీహెచ్‌డీ వైవాలో బోర్డు మీద చూపించడానికి చిన్న ఉదాహరణ ఒకటి చిత్తు కాగితం మీద వేసుకుంటోంది. రెండు మాట్రిక్స్‌లు గుణించింది. రావలసిన మూడో మాట్రిక్సే వచ్చింది, కాకపోతే ముందు మైనస్ తగిలించుకుని వచ్చింది. బస్సు కుదుపులకి ఎక్కడో తప్పు రాసి ఉంటాననుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ మైనసే. ద్వారకా నగర్ కాంప్లెక్స్ దగ్గర జనం దిగారు, జనం ఎక్కారు, ఎవరో మహానుభావుడు తన సంచీ ఆమె ఒళ్ళో కూడా పెట్టేశాడు. ఆమెకివేవీ తెలియవు. ఇప్పుడు లెక్కైనా తప్పవ్వాలి, థీసిస్సైనా తప్పవ్వాలి. లెక్క తప్పు కాదు.

పక్కన తల్లి గంగాలమ్మ లడ్డూల డబ్బా పట్టుకుని కూర్చుంది. ఆ పూటకి చేపల అమ్మకం మానేసి, ఉన్న ఒక్క పట్టుచీరా కట్టుకుంది. ఈ రోజుతో కూతురు డాక్టరైపోతుందని వీధి వీధంతా చాటింది. ఏ డాక్టరో ఎవరికీ బోధపడక, ఎదురింటి చిట్టమ్మ తన మోకాళ్ళ నొప్పి సంగతి అప్పుడే కబురు పెట్టింది కూడా.

"ఏటే, మొకం అలగైపోనాది?" అంది గంగాలమ్మ.

"ఏటీ లేదమ్మా. బస్సు పడట్లేదు."

"పొద్దున్న ఏటీ తిన్లేదు. తినమంటే తింటావేటి?"

సుధారాణి థీసిస్ సంగతి సులువుగా చెప్పాలంటే ఇది. ఒక వక్రం మీద ఇంకో వక్రం పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. ఆ పైదాన్ని కవర్ అంటారు. కింద కొన్ని బిందువుల చుట్టూ ఒక్క చుట్టు తిరిగొస్తే, పైన మనం బయల్దేరిన పొర మీద కాక వేరే పొర మీద తేలతాం. ఆ కవర్‌కి సమీకరణం రాస్తే అందులో వర్గమూలాలూ అవీ వస్తాయి. గాల్వా గ్రూపు చేసే పనల్లా వాటిని తారుమారు చెయ్యడం. అప్పుడు కొత్త కవర్ ఒకటి పుడుతుంది. ఎన్ని విధాల తారుమారు చేసినా పుట్టేది పాత కవర్‌కి నకలే అయితే, దాన్ని ఏ వర్గమూలమూ లేకుండా మామూలు భిన్నాలతోనే రాసుకోవచ్చు అంటుంది థీసిస్‌లో మూడో లెమ్మా, అంటే మిగతా సిద్ధాంతాలకి మెట్టుగా వాడుకునే చిన్న సిద్ధాంతం. ఆ ధైర్యంతోనే సుధారాణి ప్రతి తారుమారుకీ ఒక మాట్రిక్స్ కట్టింది. దాన్నే గాల్వా రిప్రజెంటేషన్ అంటారు. రెండు తారుమార్లు వరసగా చేస్తే, రెండు మాట్రిక్స్‌లూ గుణించినట్టు ఉండాలి. మైనస్ గియినస్ లేకుండా.

తప్పెక్కడుందో యూనివర్సిటీ మెట్లెక్కుతుండగా తెలిసిపోయింది. లెమ్మా రుజువులో నకళ్ళన్నిటినీ అసలుతో విడివిడిగా పోల్చి సరిపోయాయన్నారు. ఆ పోలికలు ఒకదానితో ఒకటి సరిపోతాయా అని ఎవరూ చూడలేదు. కవర్‌కి సౌష్ఠవం ఉంటే, అంటే తన పొరల్ని తనే అటూ ఇటూ మార్చుకోగలిగితే, వరసగా పోల్చుకుంటూ చుట్టి వచ్చేసరికి పొరలు తిరగబడొచ్చు. ఆ మైనస్ అదే.

ఎవరూ చూడలేదంటే అచ్యుతరామయ్య గారు చూడలేదని. లెమ్మా ఆయనది. ఆయనే సుధారాణి గైడు. ముప్పై ఏళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో రాసిన పేపర్లోది. ఆ తరవాత పాఠాలూ, పరీక్ష పేపర్లు దిద్దడాలూ మీదపడి మళ్ళీ అంతటిది రాయలేదు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. సుధారాణే ఆఖరి స్టూడెంటు.

చెప్పేద్దామనే ఆయన గదికి వెళ్ళింది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, బీరువా ఖాళీ చేసుకుంటున్నారు.

"రామ్మాయ్! మద్రాసు ఎగ్జామినర్ రిపోర్టులో ఏం రాశాడో చూశావా? థీసిస్సుకి మూడో లెమ్మాయే ప్రాణవన్నాడు. ముప్పై ఏళ్ళకి దాన్ని పూర్తిగా చదివినవాడొకడు దొరికాడు." ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. "ఇంతకీ ఏవిటి, ఏదో చెప్పబోయావు?"

"ఏం లేదు సార్. సుద్దముక్కలున్నాయో లేదో అని."

బయటికొచ్చాక సుధారాణికి తన మీద తనకే అసహ్యం వేసింది. చెబితే డిగ్రీ పోతుంది, ఆయనకున్న ఒక్క లెమ్మా పోతుంది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఈ రెండో మాటే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

వైవాలో మూడో లెమ్మా దగ్గర ఆమె ఆగలేదు, ఒక్క వాక్యంలో దాటేసింది. మద్రాసు ఎగ్జామినర్ రెండు తేలిక ప్రశ్నలడిగి, చిరునవ్వు నవ్వి, "సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నాడు. అదొక తంతు. ఎవరూ అడగరు, వెనక సమోసాలు చల్లారిపోతుంటాయి. అందులోనూ గైడు అడగడమన్నది ఎక్కడా లేదు. పెళ్ళికూతురికి తండ్రే వంక పెట్టినట్టుంటుంది. గండం గడిచిందనుకుంది సుధారాణి.

అచ్యుతరామయ్య గారు చెయ్యెత్తారు.

హాల్లో అందరూ నవ్వారు. ఆయనా కాస్త సిగ్గుపడుతూ నవ్వారు. "ఆ మూడో లెమ్మా అంత పరుగెత్తించావేవమ్మాయ్? ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా."

సుధారాణి సుద్దముక్క తీసుకుంది. పేపర్లో ఉన్నదున్నట్టు అప్పజెబితే చాలు, చప్పట్లు కొట్టడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు. మొదటి వాక్యం రాసింది. రెండో వాక్యం సగంలో ఆగి వెనక్కి తిరిగింది. ముందు వరసలో ఆయన కళ్ళు సగం మూసుకుని, ఇష్టమైన పాట వింటున్నట్టు వింటున్నారు. ఆ మొహం చూస్తూ అబద్ధం రాయడం ఆమె వల్ల కాలేదు.

"ఇది నిలబడదు సార్," అంది.

రాసింది చెరిపేసి, బస్సులో వేసిన ఉదాహరణ వేసింది. రెండు మాట్రిక్స్‌లూ గుణించింది. మైనస్ గుర్తు పెట్టి పక్కకి తప్పుకుంది.

ఎగ్జామినర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అచ్యుతరామయ్య గారు లేచి బోర్డు దగ్గరికొచ్చి, వేలితో ఒక్కో అంకె మీదుగా వెళుతూ తనే గుణించుకున్నారు. కుదుపులేమీ లేకపోయినా ఆయనకీ మైనసే వచ్చింది. మళ్ళీ మొదలెట్టారు. హాలంతా ఆయన వీపు వంకే చూస్తోంది. సుధారాణికి అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"సౌష్ఠవం లేని కవర్లకి లెమ్మా నిలుస్తుంది," అన్నాడు ఎగ్జామినర్ చివరికి. "మిగతాది తిరగరాసి పంపాలి. ఇవాళ డిగ్రీకి సిఫార్సు చెయ్యలేను."

జనం సమోసాల వైపు కదిలారు. గంగాలమ్మ డబ్బా పట్టుకుని ముందుకొచ్చింది. "అయిపోనాదా బాబూ? ఎవులూ సప్పట్లు కొట్టలేదేటి?"

"ఇంకా అవలేదమ్మా," అన్నారు అచ్యుతరామయ్య గారు. ఆవిడ చిన్నబోయి, అయినా డబ్బా మూత తీసి లడ్డూ ఇచ్చింది. ఆయన తీసుకున్నారు గానీ తినలేదు.

"ఎప్పుడు కనిపెట్టావ్?" అని సుధారాణిని అడిగారు.

"పొద్దున్న, బస్సులో."

"మరి నా గదికి వచ్చావుగా?"

ఆమె తల దించుకుంది.

"ముచ్చటపడి ఇంకోసారి చెప్పమన్నానమ్మాయ్, ఆఖరిసారి విందావని." ఆయన బోర్డు మీది మైనస్ గుర్తు వంక చూశారు. "నేనడక్కపోతే?"

సుధారాణికి కన్నీళ్ళాగలేదు. "చెప్పేదాన్ని కాదు సార్."

ఆయన లడ్డూ బల్ల మీద పెట్టి, డస్టరుతో బోర్డంతా తుడిచి, సుద్దముక్క ఆమె చేతికిచ్చారు.

"సౌష్ఠవం ఉన్న కవర్ ఒకటి తీసుకో," అన్నారు. "మొదట్నించీ చూద్దాం."