ఒకటి లావు, ఒకటి సన్నం

మా కోడలు అటక మీద నుంచి సూట్‌కేసు దింపింది. ఒకప్పుడు మా ఆయన దాన్ని పట్టుకునే ప్రయాణమయ్యారు. సూట్‌కేసు తిరిగొచ్చింది, ఆయన రాలేదు.

గొడవంతా ఒక్క తీగ గురించి. మావాడు వాయిద్యాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే కొట్టు. బల్ల మీద ఎవరో బాగుకిచ్చిన ఊద్ ఉంది, అరబ్బుల వాయిద్యం. గుమ్మడికాయను సగానికి కోసినట్టు బొజ్జ, పొట్టి మెడ, జంటలు జంటలుగా తీగలు. పొద్దున మావాడు బయటికెళ్ళినప్పుడు అన్నిటికన్నా లావు జంటలో ఒక తీగ తెగింది. ఇంట్లో అంత లావుది ఇంకోటి లేదు. కోడలు ఊరుకోక సన్న తీగ వేసింది. కింది స్వరానికి అది వదులై కొట్టుకుంటుంటే, తీగ బిగించే బిరడ తిప్పుతూ పోయింది, పై స్థాయిలో అదే స్వరం పలికేదాకా.

"కలిసింది" అంటుంది తను.

"కలవలేదు. జంట తీగలంటే కవలల్లా ఉండాలి" అంటాడు వాడు.

"మొగుడూ పెళ్ళాల్లా ఉండకూడదా?"

"ఉంది కాబట్టే ఈ గోల! పీకేస్తాను."

"పీకి చూడండి! నాలుగింటి బస్సుకి మా అన్నయ్య ఇంటికి పోతాను."

పటకారు వాడి చేతిలో ఉంది. చీరలు సూట్‌కేసులో ఉన్నాయి. నేను గబుక్కున మూత వేసి దాని మీద కూర్చున్నాను.

"లేవండత్తయ్యా!"

"నడుం పట్టేసిందే తల్లీ" అని అబద్ధమాడాను. "పోనీ, తప్పంతా నాదే అనుకోండి."

"కాదు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

బల్ల మీద ఊద్ 'మ్‌మ్‌మ్' అంది. ఎవరూ ముట్టుకోలేదు.

ముగ్గురం నోళ్ళు తెరిచాం. "కాదు" అన్నాడు మావాడు బొంగురుగా. లావు తీగ మూలిగింది. "కాదు" అంది కోడలు సన్నగా. సన్న తీగ కూసింది. ఇద్దరూ కలిసి అరిస్తే డబ్బాలో మేకులు కూడా గలగలమన్నాయి. పటకారు ఎటు పోయిందో! వాడు నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. కోడలు వాడి వీపు మీద చరుస్తూ, "చూశారా, కలిసింది!" అంటోంది. సూట్‌కేసు మీదే ఊగిపోతూ నేనూ "కాదు" అని అరిచాను. వీధి చివర బస్సు హారన్ మోగింది. నాకే వినబడింది. చెప్పలేదు.

ఇంతలో ఊద్ తాలూకు మనిషి వచ్చాడు. మమ్మల్ని ఎగాదిగా చూసి, ఊద్ ఒళ్ళో పెట్టుకుని లావు జంట మీటాడు. మీసాల కింద నోరు విచ్చుకుంది.

"ఇది నా ఊదేనా?"

"కాదు!" అన్నాం ముగ్గురం. వాళ్ళిద్దరి గొంతులకి అతని ఒళ్ళో ఊద్ మళ్ళీ మూలిగింది. అతను ఎగిరిపడి, పకపకా నవ్వి, తీగ ఎక్కడ మార్చేస్తామో అని దాన్ని చంకనెట్టుకుని పరుగో పరుగు.

"ఇక లేవండత్తయ్యా, బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

నేను లేవలేదు. ఆరింటికి ఇంకో బస్సుంది.