అతికించిన తలుపు

పొద్దున లేవగానే ఆవిడ చేసే మొదటి పని, అలమరలో ఉన్న చిన్న ఇంజను మీద వేలు పెట్టి చూడటం. వేలికి ఎర్రమట్టి అంటితే కూతురు ఇంకా కొండ దారిలోనే ఉన్నట్టు. షెడ్డు బొగ్గు అంటితే మధ్యాహ్నానికి ఇల్లు చేరుతున్నట్టు. దాన్నిబట్టే పొయ్యి వెలిగించేది.

కూతురు పట్టాల మీద విరిగిపడే మట్టిని తోసే పనిబండికి డ్రైవరు, తోడు ఒక అసిస్టెంటు. ఆ బండినే ఆవిడ భర్త జానెడు పొడవున ఇత్తడి రేకుతో చేశాడు. వీధిలో అందరూ ఆయన్ని ఇంజన్లాయన అంటారు. రంగులు, నంబర్లు మాత్రం ఆవిడ చేతివే. అసలు బండికి ఏది అంటితే బొమ్మకీ అదే అంటుతుంది, బొమ్మకి ఏం చేస్తే అసలుదానికీ అదే అవుతుంది. ఒకసారి ఆయన ముచ్చటపడి బొమ్మ మెట్ల కమ్మీకి పసుపు రంగు పూస్తే, షెడ్డులో ఫోర్‌మన్ అమ్మాయికి చీవాట్లు పెట్టాడు. పక్క కొట్టు మంగలి తొంగి చూసి, "అమ్మాయి బండికి ఇవాళ గ్రీజు బాగా పట్టిందే" అని, వాన పడేట్టుందే అన్నంత మామూలుగా వెళ్ళిపోయేవాడు.

ఇంజన్లాయనకి పనంటే ప్రాణం. ప్రాణం కన్నా ఎక్కువ, అదే వచ్చిన చిక్కు. గోరంత తలుపుకి కీళ్ళు పెట్టి, "చూడమ్మా, తెరుచుకుంటుంది" అని కూతురికి చూపించాడు. అమ్మాయి పదిసార్లు తెరిచి మూసి నవ్వింది. కానీ వారంలో బొమ్మల ప్రదర్శన, తలుపేమో సరిగ్గా కూర్చోవడం లేదు. ఆ రోజు పది గంటలకి గుండుసూది మొనతో అంచుల వెంబడి జిగురు పెట్టాడు.

"తలుపన్నాక తెరుచుకోవాలి కదండీ," అంది ఆవిడ కుంచె కడుగుతూ.

"వెంట్రుకంత సందు కనిపిస్తోంది, అసహ్యంగా. ప్రదర్శన అవగానే ఊడదీస్తాలే."

"అమ్మాయి డ్యూటీలో ఉంది."

"రెండో వైపు తలుపుందిగా. నాలుగు రోజులు అటు దిగితే అరిగిపోదు."

ఆవిడ ఇంకో మాట అనాల్సింది. కుంచె తుడిచి డబ్బాలో పెట్టేసింది.

మధ్యాహ్నం అలమరలో బస్తా కుమ్మరించిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఇంజను లేదు, తడి మట్టి గుట్ట ఉంది. కొండచరియ విరిగిపడింది. రెండో తలుపు కొండ వైపే.

ఇద్దరూ సన్న కుంచె, పళ్ళు కుట్టుకునే పుల్లలు పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు పోస్తే బురద క్యాబిన్లోకి దిగుతుంది, అందుకని పొడిగానే, చిటికెడు చిటికెడు తీసి కాగితం మీద పెట్టారు. మంగలి కొట్టు మూసొచ్చి దీపం పట్టుకున్నాడు.

రెండింటికి కొండ దగ్గర్నుంచి ఇంజనీరు ఫోన్ చేశాడు. "మా యంత్రాలు ఇక్కడికి రాలేవు. మట్టి తగ్గుతోంది, మీరు ఆపకండి."

నాలుగింటికి మళ్ళీ చేశాడు. "తలుపు కనిపించింది. గడ్డపార వేసినా రావడం లేదు. లోపల్నుంచి కొడుతున్నారు."

ఇంజన్లాయన బ్లేడు తీశాడు. చెయ్యి వణికింది. జిగురు కరిగించే మందు వేద్దామంటే ఆ ఘాటుకి లోపలివాళ్ళకి ఊపిరాడదు.

"మీరు తప్పుకోండి," అంది ఆవిడ.

అంకెలు రాసే చెయ్యి అది, వణకలేదు. బ్లేడు కాస్త జారినా లోపల మనుషులు. అంచు వెంబడే కోసుకుంటూ వచ్చింది. బల్ల మీద ఫోన్లో తలుపు బాదుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సగం కోసేసరికి ఆగిపోయింది. ఆవిడ ఆగలేదు.

తలుపు వచ్చింది. చెంచాడు బురద బల్ల మీద జారింది.

అసిస్టెంటు బతికాడు. అమ్మాయి లేదు.

పన్నెండో రోజున ఆ అసిస్టెంటు ఇంటికొచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన భారీ మనిషి. ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"బురద లోపలికొస్తుంటే నన్ను సీటెక్కించింది. తను తలుపు దగ్గరే నిలబడింది. 'కంగారుపడకండి బాబాయ్, ఇది మా నాన్న చేసిన తలుపు, తెరుచుకుంటుంది' అంది. చివరిదాకా అదే అంది."

ఇంజన్లాయన తల వంచుకున్నాడు. ఆ తల మళ్ళీ లేచిందని చెప్పలేం. ప్రదర్శనకి వెళ్ళలేదు. ఇంకో బొమ్మ మొదలుపెట్టలేదు. ఒక్క పని మాత్రం చేశాడు, ఆ తలుపుని బార్లా తెరిచి టంకం వేసేశాడు.

ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే వేలు పెట్టి చూస్తుంది. మట్టి అంటుతూనే ఉంది. చీర కొంగుకి తుడుచుకుని లోపలికి పోతుంది.

బండికి కొత్త డ్రైవరొచ్చాడు. తలుపు మూసుకోవడం లేదని, ఎన్నిసార్లు రిపేరు చేసినా అంతేనని, వాన జల్లంతా ఆ కుర్రాడి మీదే పడుతోందని ఫోర్‌మన్ కబురు పెట్టాడు.

"గొడుగు పట్టుకోమను," అన్నాడు ఇంజన్లాయన.