స్కానింగులో తెల్లచుక్కలు

నా నోటిదూల తీరిపోయింది. కాకపోతే పోయింది మాత్రం మా ఆయన చుక్కాని.

మాది కళింగపట్నం. మా ఆయన కొండబాబుకి అరవై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లుగా మా పడవకు చుక్కాని పట్టేది ఆయనే. సముద్రంలో చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుందనగా నడుములో ఒక పక్క నొప్పి పట్టుకుంది. కిడ్నీలో రాయేమో చూడాలని డాక్టరు శ్రీకాకుళంలో స్కానింగూ రక్తపరీక్షా రాశాడు. రాయి లేదు. కానీ ప్రోస్టేటు పెరిగిందనీ, లోపల తెల్లచుక్కలు ఉన్నాయనీ రిపోర్టులో రాశారు. స్కానింగు తీసినామె అంతవరకు చదివి, మిగతాది డాక్టరు గారు చెప్తారంది. ఆ మహానుభావుడు ఎవరిదో పెళ్లికి వెళ్లాడు, మళ్లీ సోమవారమే వస్తాడు. ఆదివారం తెల్లవారితే వేట మొదలు.

బస్సులో మా ఆయన ఆ స్కానింగు ఫొటోను కిటికీ వెలుతురుకు పెట్టి తిప్పితిప్పి చూశాడు.

"నాకు ఇదొకటున్నాదనే తెలీదు, పెరిగిపోనాదంట. ఈ సుక్కలేటే దాలమ్మా?"

నేను ఎండుచేపలు అమ్మే మనిషిని. చేప మీద తెల్లమచ్చ కనిపిస్తే బొటనవేలితో రుద్దుతాను. ఉప్పయితే పొడిగా రాలుతుంది, బూజయితే జిగటగా అంటుతుంది. బూజు పట్టింది ఒక్కటున్నా గంపంతా పారబోయాల్సిందే. మరి కాగితాన్ని రుద్ది ఏం చూస్తాను? తెలియదని ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు.

"బూజులాగున్నాది మావా. లోపల పుచ్చు మొదలైనట్టున్నాది."

ఆయన ఆ ఫొటోను కవరులో పెట్టేశాడు.

ఇంటికొచ్చాక కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. వల విప్పుతాడు, మళ్లీ చుడతాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తినకుండానే లేచిపోతాడు. రోజుకు పదిసార్లు ఆ ఫొటో తీస్తాడు. నడుము నొప్పి తగ్గిందా అంటే, "నొప్పి లేకుండా పెరిగేదే సెడ్డదంట" అంటాడు. నా మాటను నేనే నమ్మేసి నేనూ బిక్కచచ్చిపోయాను.

మా పేటలో ఒక కట్టడి ఉంది. నిషేధం ముగిసిన రోజు పడవ ముక్కు మీద కొబ్బరికాయ కొట్టిన చెయ్యే ఆ ఏడాదంతా చుక్కాని పట్టాలి. మధ్యలో చెయ్యి మారితే గంగమ్మ ఊరుకోదంటారు. ఆదివారం పొద్దున్నే అందరూ ఒడ్డున చేరారు. మా ఆయన కాయ చేతిలోకి తీసుకుని పడవ ముక్కు దాకా వెళ్లి, తమ్ముడు దేవేంద్ర చేతిలో పెట్టేశాడు.

"ఇదేటన్నా? నువ్వే కదా కొట్టాల."

"నడిసంద్రంలో నేను పడిపోతే మిమ్మల్ని ఎవుడు ఒడ్డుకి తెస్తాడ్రా? కొట్టు."

దేవేంద్ర నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వాడు కొట్టాడు.

సోమవారం డాక్టరు అన్ని కాగితాలూ చూసి ఐదు నిమిషాల్లో తేల్చేశాడు.

"అరవై ఆరు కదా, ఈ వయసుకు ఇలాగే కనిపిస్తుంది. ఏళ్లు పైబడేకొద్దీ ఆ గ్రంథి నడిమి భాగం పెరుగుతుంది. ఆ చుక్కలు సున్నం పేరుకున్నవి, చాలామంది పెద్దవాళ్లకు ఉంటాయి. రక్తపరీక్ష బాగుంది, మూత్రానికి ఇబ్బంది లేదంటున్నారు. నడుములో కండరం పట్టింది, అంతే. ఇది రోగం కాదు, వయసు."

"మరి ఏటకి ఎల్లొచ్చా బాబూ?" అన్నాడు మా ఆయన.

"నిక్షేపంగా వెళ్లండి."

సున్నమట! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బయటికొచ్చి కనపడిన దేవుళ్లందరికీ దండం పెట్టాను. ఆయన మాత్రం నవ్వలేదు.

బస్సు దిగి ఇంటికైనా రాకుండా తిన్నగా ఒడ్డుకు నడిచాడు. పడవ అప్పుడే వస్తోంది. పంచె ఎగ్గట్టి, నీళ్లలోకి దిగి, తాడు అందుకోబోయాడు.

"నాకు రోగం లేదంటరా దేవేందరా! వయసంతే అన్నాడు డాక్టరు!"

"మంచి మాటే కదన్నా!" దేవేంద్ర మనస్ఫూర్తిగానే సంతోషించాడు. పడవ దిగి ఆయన చేతిలోంచి తాడు మెల్లగా తీసుకున్నాడు. "నువ్వు ఒడ్డున కూకో. మేం లాగుతాం."

ఆయన తిడతాడనుకున్నాను, తాడు లాక్కుంటాడనుకున్నాను. లాక్కుంటే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన వెనక్కి వచ్చి ఇసుకలో కూర్చున్నాడు.